సి++11 నుంచి సి++17కి మా లైబ్రరీ మారిన కథ, మారని ఒక్క కస్టమర్ కథ

మా లైబ్రరీ, అంటే వేరే ప్రోగ్రాములు తమలో కలుపుకుని వాడుకునే కోడ్, పెద్ద గొప్పదేం కాదు. ఫీల్డ్‌లో ఉన్న పరికరాల నుంచి బైనరీ మెసేజీలు వస్తాయి, వాటిని విప్పి ఏ ఫీల్డ్‌లో ఏముందో చెప్తుంది, అంతే పని. హైదరాబాద్‌లో మేం నలుగురం దీన్ని చూసుకుంటాం. వాడే జనం మాత్రం మూడు రకాలు: రెడ్ హ్యాట్ 7 లైనక్స్ సర్వర్ల మీద లాగ్‌లు ప్రాసెస్ చేసే టీమ్, విజువల్ స్టూడియోతో విండోస్ డెస్క్‌టాప్ టూల్ రాసే టీమ్, ఇంకా క్యూఎన్ఎక్స్ 7.0 అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే పెట్టెలో మా కోడ్ పెట్టుకున్న ఒక కస్టమర్. ముగ్గురికీ ముగ్గురూ వేరే కంపైలర్లు (కోడ్‌ని మెషిన్ భాషలోకి మార్చే ప్రోగ్రాములు), వేరే అలవాట్లు, వేరే మేనేజర్లు.

మొదట్లో సి++11, అంటే సి++ భాషకి 2011 నాటి స్టాండర్డ్, చాలనుకోవడానికి కారణం ఒక్కటే, రెడ్ హ్యాట్ 7తో పాటు వచ్చే కంపైలర్ జీసీసీ 4.8.5. సి++11 భాష ఫీచర్లన్నీ పూర్తిగా వచ్చిన మొదటి జీసీసీ 4.8.1, కాబట్టి లెక్క సరిపోయింది అనుకున్నాం. సరిపోలేదు. 4.8లో టెక్స్ట్‌లో ప్యాటర్న్ వెతికే రెజెక్స్ హెడర్ ఉంటుంది, ఇన్‌క్లూడ్ చేస్తే కంపైల్ కూడా శుభ్రంగా అవుతుంది, రన్ చేస్తే మాత్రం మామూలు ప్యాటర్న్‌కి కూడా ఎక్సెప్షన్ విసిరి కూర్చుంటుంది, ఎందుకంటే అసలు అమలు చేసింది 4.9లో. అప్పట్నుంచి "ఫలానా కంపైలర్ ఫలానా స్టాండర్డ్ సపోర్ట్ చేస్తుంది" అనే మాట ఎవరైనా అంటే నేను భాష సంగతా, లైబ్రరీ సంగతా అని అడిగాకే ముందుకెళ్తాను.

సి++11లో మాకు బాగా లోటనిపించినవి రెండు. స్ట్రింగ్‌ని కాపీ చేయకుండా చూపించే స్ట్రింగ్ వ్యూ, విలువ ఉందో లేదో చెప్పే ఆప్షనల్. రెండూ 2017 నాటి స్టాండర్డ్ సి++17లో వచ్చాయి. మాకవి లేవు కాబట్టి సొంతంగా రాసుకున్నాం, బానే నడిచాయి. తర్వాత కొత్త కంపైలర్ ఉన్నవాళ్ళు అడగడం మొదలెట్టారు, "మా కోడ్ అంతా స్టాండర్డ్ ఆప్షనల్ వాడుతుంటే మీ దగ్గరికొచ్చేసరికి ప్రతిసారీ మార్చుకోవాల్సొస్తోంది" అని. ఇక్కడ నేను చేసిన పని చెప్తా, ఈ కేస్ మొత్తానికి మూలం అదే.

లైబ్రరీ వాడేవాళ్ళు తమ కోడ్‌లో కలుపుకునే పబ్లిక్ హెడర్‌లో ఒక ఇఫ్ షరతు పెట్టాను. కంపైలర్ సి++17 మోడ్‌లో ఉంటే మా ఆప్షనల్ అనే పేరు స్టాండర్డ్ ఆప్షనల్‌కి అలియాస్ (మారుపేరు), లేకపోతే మేం రాసుకున్నది. పాతవాళ్ళకి పాతది, కొత్తవాళ్ళకి కొత్తది, ఎవరికీ ఇబ్బంది లేదు, రివ్యూలో కూడా అందరూ బాగుందన్నారు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి బ్యాలెన్స్ బాగా వచ్చిందని మురిసిపోయిన రోజులవి.

స్ట్రింగ్ వ్యూతో వచ్చిన గొడవ తొందరగానే బయటపడింది, ఎందుకంటే ఫంక్షన్ పారామీటర్లో ఉన్న టైప్ పేరు సింబల్ పేరులోకి, అంటే బిల్డ్ అయిన ముక్కల్ని కలిపే లింకర్ వెతికే పేరులోకి, ఎక్కుతుంది కదా, లైబ్రరీ సి++11లో బిల్డ్ అయి మా టైప్ పేరుతో ఉంది, అప్లికేషన్ సి++17లో కంపైలై స్టాండర్డ్ టైప్ పేరుతో వెతికింది, లింకర్ అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ అని మొహం మీదే చెప్పేసింది. తన ల్యాప్‌టాప్‌లో కొత్త కంపైలర్‌తో బిల్డ్ చేస్తున్న సర్వర్ టీమ్ కుర్రాడు ఫోన్ చేసి "అన్నా, హెడర్‌లో ఫంక్షన్ ఉంది, లైబ్రరీలోనూ ఉంది, లింక్ మాత్రం అవ్వట్లేదు" అన్నాడు, నేను లైబ్రరీలోని సింబల్ పేర్లు చూపించే ఎన్ఎమ్ కమాండ్ కొట్టి చూస్తే పూటలో తేలిపోయింది. రెండూ ఒకే స్టాండర్డ్‌తో బిల్డ్ చెయ్యమని చెప్పి వదిలేశాను. అక్కడే ఆగి ఆలోచించి ఉండాల్సింది.

ఆప్షనల్ గొడవ అలా మొహం మీద చెప్పలేదు. అదే కుర్రాడు కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చాడు. "అన్నా, ఏ సెన్సార్ చూసినా విలువ 1 వస్తోంది. కొన్నిటికి అసలు విలువే లేదంటోంది." పరికరం పాడైందేమో అనుకున్నాం, పరికరం పంపిన బైట్లు చూస్తే 300, 417 అలా సరిగ్గానే ఉన్నాయి. క్రాష్ లేదు, వార్నింగ్ లేదు, మా టెస్టులన్నీ పాస్. రెండు రోజులు పోయాయి. చివరికి ఇద్దరం కూర్చుని మెమరీ బైట్లు ఒక్కొక్కటీ తెల్ల కాగితం మీద రాసుకుంటే అప్పుడు కనపడింది.

మా సొంత ఆప్షనల్‌లో ముందు విలువ ఉందో లేదో చెప్పే ఫ్లాగ్, తర్వాత విలువ. అంటే 32 బిట్ల నంబర్ అయితే 0వ బైట్‌లో ఫ్లాగ్, మూడు బైట్లు ఖాళీ, 4వ బైట్ నుంచి విలువ. జీసీసీ స్టాండర్డ్ లైబ్రరీలో ఆప్షనల్ సరిగ్గా తిరగేసి ఉంటుంది, ముందు విలువ, తర్వాత ఫ్లాగ్. రెండిటి సైజూ 8 బైట్లే, అందుకే ఆ ఫీల్డులన్నిటినీ కలిపి ఉంచే స్ట్రక్ట్‌లో మిగతావేవీ జరగలేదు, అందుకే క్రాష్ లేదు. లైబ్రరీ తన పద్ధతిలో 0వ బైట్‌లో 1 రాసింది, 4 నుంచి 300 రాసింది. అప్లికేషన్ తన పద్ధతిలో మొదటి నాలుగు బైట్లు విలువ అనుకుని చదివింది, మేం రికార్డ్‌ని ముందే సున్నాలతో నింపుతాం కాబట్టి అక్కడ 1 దొరికింది. ఫ్లాగ్ కోసం 4వ బైట్ చూసింది, అక్కడ 300లో కింది బైట్ ఉంది, సున్నా కాదు, అంటే విలువ ఉన్నట్టే. అసలు విలువ 512 అయితే కింది బైట్ సున్నా, అంటే విలువ లేనట్టే. 256 గుణిజాలన్నీ మాయం, మిగతావన్నీ 1. ఆ కాగితం ఇంకా నా డ్రాయర్లో ఉంది.

లింకర్ ఎందుకు పట్టుకోలేదంటే, ఈసారి ఫంక్షన్ తీసుకునేది రికార్డ్ అనే స్ట్రక్ట్‌కి రిఫరెన్స్, స్ట్రక్ట్ పేరు రెండు వైపులా ఒకటే, లోపల ఏముందో సింబల్‌కి పట్టదు. భాష నియమాల ప్రకారం ఒకే పేరుకి రెండు వేర్వేరు నిర్వచనాలు ఉండకూడదు, మా హెడర్ చేసింది సరిగ్గా అదే. తప్పు పూర్తిగా మాదే, వాడినవాళ్ళది కాదు.

ఇది లైనక్స్ సంగతి. విండోస్ వైపు ఇంకో వింత. అక్కడ టీమ్ చాన్నాళ్ళుగా సి++17 మోడ్‌లోనే ఉంది, అయినా వాళ్ళకి ఏ సమస్యా రాలేదు, నేనేమో అదృష్టం అనుకున్నా. కారణం ఏంటంటే విజువల్ స్టూడియోలో స్టాండర్డ్ వెర్షన్ చెప్పే సీప్లస్‌ప్లస్ మ్యాక్రో, మనం ఏ మోడ్‌లో ఉన్నా, ప్రత్యేకంగా కంపైలర్‌కి ఒక ఫ్లాగ్ (ఆప్షన్) ఇస్తే తప్ప 199711 అనే చెప్తుంది, అంటే 1998 స్టాండర్డ్ నాటి నంబర్. పాత కోడ్ విరగకూడదని అలా ఉంచారు, డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది, నేనే చూసుకోలేదు. దాంతో మా హెడర్ వాళ్ళకి ఎప్పుడూ సొంత ఆప్షనల్‌నే ఇస్తోంది. తర్వాత వాళ్ళు టూల్‌ని విండోలు, బటన్లు కట్టే క్యూటీ 6 లైబ్రరీకి మార్చారు. క్యూటీ 6కి సి++17 తప్పనిసరి, పైగా ఆ మ్యాక్రో నిజం చెప్పే ఫ్లాగ్ కూడా తప్పనిసరి. ఫ్లాగ్ పెట్టిన రోజు సాయంత్రమే వాళ్ళ దగ్గర్నుంచి మెసేజ్, రీడింగులన్నీ చెత్తగా వస్తున్నాయని. ఈసారి రెండు రోజులు పట్టలేదు, కాగితం ఉంది కదా.

ఆ ఇఫ్ తీసెయ్యాలని అప్పుడే తేల్చుకున్నాం. తీసేసి ఎటు వెళ్ళాలనేదే ప్రశ్న. అందరికీ మా సొంత టైపులే ఇచ్చి సి++11లోనే ఉండిపోవడం ఒక దారి, నిజం చెప్పాలంటే సేఫ్ దారి అదే, కొన్నాళ్ళు అలాగే ఉన్నాం కూడా. 2024 జులై 1 ఉదయం ఆఫీసుకొచ్చి చూస్తే సీఐ (తనంతట తానే బిల్డ్, టెస్ట్ చేసే సిస్టమ్) అంతా ఎర్రగా ఉంది. ముందు రోజు, జూన్ 30తో, రెడ్ హ్యాట్ 7కి ఉచిత రూపమైన సెంట్‌ఓఎస్ 7 గడువు అయిపోయింది, ప్యాకేజీలు దించుకునే దాని మిర్రర్‌లిస్ట్ అడ్రస్ ఇక దొరకట్లేదు, మా డాకర్ ఇమేజ్ బిల్డ్ ప్యాకేజీలు దించే మొదటి యమ్ కమాండ్ దగ్గరే చస్తోంది. గడువు సంగతి ఏళ్ళ ముందే చెప్పారు, మేమే రేపు చూద్దాం రేపు చూద్దాం అనుకుంటూ వచ్చాం. పాత ప్యాకేజీలు దాచి ఉంచే వాల్ట్ అడ్రస్‌కి మార్చి ఆ రోజుకి గట్టెక్కాం కానీ అది పుండు మీద పట్టీ మాత్రమే. గిట్‌హబ్‌లో కోడ్ దించే అప్పటి కొత్త యాక్షన్ జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ 20 మీద నడిచేది, నోడ్ 20కి సిస్టమ్ మూల లైబ్రరీ జీలిబ్‌సీ 2.28 కావాలి, సెంట్‌ఓఎస్ 7లో ఉన్నది 2.17. టెస్టుల కోసం వాడే గూగుల్ టెస్ట్ 1.13 నుంచి సి++14 అడుగుతుంది కాబట్టి మేం 1.12.1 దగ్గరే ఆగిపోయాం. మా కోడ్‌లో ఒక్క లైన్ మారకపోయినా చుట్టూ ఉన్న ఊరంతా ఖాళీ అయిపోతోంది, మేం మాత్రం ఇంట్లో దీపం పెట్టుకుని కూర్చున్నాం.

సరే, అందరినీ అడుగుదాం అనుకున్నాం, "మీరు ఏ కంపైలర్ వాడుతున్నారు?" అని. ఈ ప్రశ్న ఇలా అడక్కండి. ఒకళ్ళు "లైనక్స్" అన్నారు. ఒకళ్ళు "సీమేక్" అన్నారు, అది బిల్డ్ నడిపే టూల్, కంపైలర్ కాదు. సర్వర్ టీమ్ లీడ్ గారైతే "మేం ఎప్పుడూ లేటెస్టే అండీ" అని ధీమాగా రాశారు. రెండోసారి ప్రశ్న మార్చాం, మీ బిల్డ్ మెషిన్‌లో, మీ ల్యాప్‌టాప్‌లో కాదు, జీ ప్లస్ ప్లస్ వెర్షన్ కమాండ్ కొట్టి వచ్చింది వచ్చినట్టు పేస్ట్ చెయ్యండి అని. లేటెస్ట్ కాస్తా 4.8.5 అని తేలింది. ఆయన ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 20.04, జీసీసీ 9, అందుకే లేటెస్ట్ అన్నారు పాపం. క్యూఎన్ఎక్స్ కస్టమర్ది జీసీసీ 5.4, అంటే సి++14 దాకా వస్తుంది, సి++17 రాదు.

అందుకే మా టీమ్‌లో ఇద్దరు సి++14 అన్నారు, అందరూ బతుకుతారు కదా అని. వినడానికి న్యాయంగానే ఉంది. నేను ఒప్పుకోలేదు. సర్వర్ టీమ్ ఎలాగూ కంపైలర్ మార్చుకోవాల్సిందే, ఎందుకంటే 4.8.5లో సి++14 కూడా లేదు. అంటే వాళ్ళని కదిలించే నొప్పి మొత్తం పడతాం, చేతికి వచ్చేది మాత్రం మేక్ యూనిక్, జనరిక్ ల్యాంబ్డాలు లాంటి చిన్న సౌకర్యాలు. మా గొడవకి మూలమైన స్ట్రింగ్ వ్యూ, ఆప్షనల్ రెండూ అందులో లేవు. కొండని తవ్వి ఎలుకని పట్టినట్టు. ఒకసారి జనాన్ని కదిలిస్తున్నాం అంటే కదిలినందుకు ఏదైనా దక్కాలి. లైనక్స్ కెర్నల్ వాళ్ళు 2022లో 5.18 దాకా 1989 నాటి సీ మీదే ఉన్నారు, కదిలినప్పుడు 99 దగ్గర ఆగకుండా నేరుగా 2011కి వెళ్ళారు, అది కూడా లూప్ వేరియబుల్ లూప్ దాటి బయటికి రావడం అనే కచ్చితమైన బాధ ఒకటి ఉండబట్టి, దానికి ముందే కనీస జీసీసీని 5.1కి పెంచుకుని ఉండబట్టి. సి++20 సంగతి ఎవరూ ఎత్తలేదు, సర్వర్ టీమ్ వెళ్ళబోయే రెడ్ హ్యాట్ 8లో జీసీసీ 8 ఉంటుంది, దానితో అది అయ్యే పని కాదు.

రెడ్ హ్యాట్ 8కి వెళ్ళడానికి వాళ్ళకి ఇంకా టైం ఉంది, అప్పటిదాకా ఆగమన్నారు. "సర్వర్లు ముట్టుకోనివ్వరు సార్, కంపైలర్ మారిస్తే ప్రొడక్షన్‌లో లైబ్రరీలన్నీ మార్చాలి" అని లీడ్ గారి భయం. ఇది చాలామందికి ఉండే భయమే, కానీ రెడ్ హ్యాట్ 7 విషయంలో నిజం కాదు. డెవ్‌టూల్‌సెట్ అని రెడ్ హ్యాట్ వాళ్ళే ఇచ్చారు, పాత సిస్టమ్ మీదే కొత్త జీసీసీ పక్కన కూర్చుంటుంది, పాత స్టాండర్డ్ లైబ్రరీలో లేని ముక్కలు మాత్రం మన బైనరీలోకే స్టాటిక్‌గా లింక్ అయిపోతాయి. నమ్మలేదు ఆయన. డెవ్‌టూల్‌సెట్ 9తో సి++17లో బిల్డ్ చేసి, ఆ బైనరీ అడుగుతున్న స్టాండర్డ్ లైబ్రరీ సింబల్ వెర్షన్లు ఆయన ముందే తీసి చూపించాను, 3.4.19 దాటి ఒక్కటీ లేదు, అది 4.8 నాటి వెర్షనే. మార్చాల్సింది బిల్డ్ మెషిన్ ఒక్కటే, ప్రొడక్షన్ సర్వర్ కాదు. ఒక్క షరతు మాత్రం చెప్పాను, జీసీసీ 5తో స్ట్రింగ్ లోపలి నిర్మాణం మారింది, డెవ్‌టూల్‌సెట్ మాత్రం రెడ్ హ్యాట్ 7 మీద పాత స్ట్రింగ్‌కే కట్టుబడి ఉంటుంది, మ్యాక్రో మార్చినా వినదు, కాబట్టి ఉబుంటులో బిల్డ్ చేసిన లైబ్రరీ తెచ్చి ఇక్కడ అతికించొద్దు. ఇంత చూపించాక కూడా అప్రూవల్‌కి వాళ్ళ పద్ధతి ప్రకారం పట్టాల్సినంత టైం పట్టింది, అది వేరే సంగతి.

మార్పు మేజర్ వెర్షన్‌లోనే చేశాం. సీమేక్‌లో సి++17 కావాలి అనేది పబ్లిక్‌గా పెట్టాం, అంటే మమ్మల్ని లింక్ చేసే ప్రాజెక్ట్ 11 అని రాసుకున్నా సీమేక్ దాన్ని 17కి లేపుతుంది. సీమేక్ లేకుండా బిల్డ్ కమాండ్లు మేక్‌ఫైల్‌లో తామే రాసుకునేవాళ్ళకి ఆ సదుపాయం లేదు కాబట్టి హెడర్ మొదట్లోనే చెక్ పెట్టి, సి++17 లేకపోతే ఎర్రర్, అందులో మామూలు మాటల్లో రెండు వాక్యాలు, ఏం కావాలి, పాతవాళ్ళు ఏ వెర్షన్ వాడుకోవాలి అని. విజువల్ స్టూడియో కోసం దాని సొంత మ్యాక్రో చూస్తాం, ఒకసారి కాలింది చాలు. రీడ్‌మీలో "సి++17 కావాలి" అని మాత్రం రాయలేదు. జీసీసీ 8 అని నంబరే రాశాం. ఎందుకంటే సి++17 అంటే ఏ సి++17? ఫైల్‌సిస్టమ్ జీసీసీ 8లో ఉంది కానీ వేరే లైబ్రరీ లింక్ చెయ్యాలి, 9 నుంచే ఆ అవసరం లేదు. టెక్స్ట్ నుంచి దశాంశ సంఖ్య చదివే ఫ్రమ్ కేర్స్ 11లో కానీ రాలేదు. ఈ రెండూ మా కోడ్‌లో వాడకూడదని మాకు మేం గీత గీసుకున్నాం.

విండోస్ వాళ్ళకి ఒక చిన్న ఎర్రర్ వచ్చింది, బైట్ అనే పేరు అస్పష్టంగా ఉందని. వాళ్ళ ఇంకో పాత ప్రాజెక్ట్‌లో ఎవరో హెడర్‌లోనే యూజింగ్ నేమ్‌స్పేస్ ఎస్‌టీడీ అని రాసి పెట్టారు, సి++17లో స్టాండర్డ్‌కి కూడా బైట్ అనే టైప్ వచ్చింది, విండోస్ హెడర్లలో ముందునుంచే ఒకటుంది, రెండూ కొట్టుకున్నాయి. ఆ లైన్ తీసేస్తే అయిపోయింది.

అసలు దెబ్బ మాత్రం మేం ఊహించని చోట తగిలింది. సొంత స్ట్రింగ్ వ్యూ డిలీట్ చేసినప్పుడు నాకు పండగలా అనిపించింది, ఫైల్ మొత్తం పోయింది. కానీ ఆ ఫైల్ రాసిన మా సీనియర్ ఒకాయన అందులో ఒక జాగ్రత్త పెట్టారు, తాత్కాలిక స్ట్రింగ్ నుంచి వ్యూ కట్టబోతే కంపైల్ అవ్వకుండా ఆ కన్‌స్ట్రక్టర్‌ని డిలీట్ చేసి ఉంచారు. స్టాండర్డ్ దానికి ఆ అడ్డు లేదు. ఎర్రర్ మెసేజ్ కోసం పేరుని స్ట్రింగ్‌గా తయారు చేసి ఇచ్చే ఫంక్షన్ ఒకటుంది, అది ఇచ్చినదాన్ని నేరుగా వ్యూ వేరియబుల్‌లో పెట్టాం, ఆ లైన్ దాటేసరికి స్ట్రింగ్ పోయింది, వ్యూ మాత్రం చచ్చిన మెమరీని చూస్తోంది. పాత టైప్‌తో అయితే ఆ లైన్ అసలు కంపైలే అయ్యేది కాదు. మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్‌తో టెస్టులు నడుపుతున్నాం కాబట్టి రిలీజ్‌కి ముందే దొరికింది. పాత కోడ్‌ని చెత్త అనుకుని ఊడ్చేముందు అది ఏం ఆపుతోందో ఒకసారి చదవాల్సింది, నేను చదవలేదు.

ఇక క్యూఎన్ఎక్స్ కస్టమర్. వాళ్ళ పెట్టె సర్టిఫికేషన్ అయిపోయింది, కంపైలర్ మారిస్తే ఆ తతంగం అంతా మళ్ళీ మొదటికి. వాళ్ళ ఇంజినీర్ పెద్దాయన ఫోన్‌లో ఒక్కటే అన్నారు: "బాబూ, మీకిది ఒక ఫ్లాగ్, మాకిది ఒక సంవత్సరం." ఆయన మాటలో అతిశయోక్తి ఏం లేదు. అందుకని పాత సి++11 బ్రాంచ్ ఉంచాం, కొత్త ఫీచర్లు ఉండవు, మెమరీ పాడయ్యే బగ్‌లు, తప్పు డీకోడింగ్ మాత్రమే సరిచేస్తాం, ఆ ప్రాజెక్ట్ ముగిసేదాకా అని రాతపూర్వకంగా ఒప్పుకున్నాం. ఇది ఫ్రీ కాదు. పొడవు చెక్ చెయ్యకుండా బఫర్ దాటి చదివే బగ్ ఒకటి వచ్చింది, మెయిన్ బ్రాంచ్‌లో నాలుగు లైన్ల ఫిక్స్, కానీ ఆ చోట కోడ్ అప్పటికే సి++17లో వచ్చిన ఇఫ్ కాన్‌స్ట్‌ఎక్స్‌పీఆర్‌తో తిరగరాసి ఉంది, పాత బ్రాంచ్‌లో అదే పని మూడు టెంప్లేట్లుగా విడిపోయి ఉంది. ఆ ఫిక్స్‌ని ఉన్నదున్నట్టు పాత బ్రాంచ్‌కి తెచ్చే చెర్రీ పిక్ కుదరదు. ఒక సాయంత్రం మొత్తం కూర్చుని చేత్తో రాశాను, మళ్ళీ 5.4తో బిల్డ్ చేసి, వాళ్ళ దగ్గర టెస్ట్ చేయించి. ఇద్దరు ముగ్గురు ఇలాంటి కస్టమర్లు ఉండుంటే మా నలుగురితో అయ్యేది కాదు, అప్పుడు నేను కూడా సి++14 అన్నవాళ్ళ వైపే ఉండేవాణ్ణేమో.

మొన్న ఆ పెద్దాయన దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. కొత్త మోడల్ పెట్టె క్యూఎన్ఎక్స్ 7.1 మీద చేస్తున్నారట, మా కొత్త వెర్షన్ ఎక్కించుకోవచ్చా అని అడిగారు. నేను కంపైలర్ వెర్షన్ అడుగుదామని రిప్లై టైప్ చేయడం మొదలెట్టి, కిందకి స్క్రోల్ చేస్తే మెయిల్ చివర బిల్డ్ మెషిన్‌లో కొట్టిన కమాండ్, దాని అవుట్‌పుట్ వచ్చింది వచ్చినట్టు పేస్ట్ చేసి ఉంది. 8.3.0.